చావు డప్పుకు పాటల ప్యాకు

ఈల మోగింది. గనిలో ఒక్క మనిషీ కదల్లేదు.

“లేచి పరిగెత్తండబ్బా! ఈల మోగితే గని కప్పు కూలబోతాందని అర్థం,” అని చౌడేశ్వరి గొంతు చించుకుంది.

మేస్త్రీ దస్తగిరి తాపీగా సంగటి ముద్ద చిదుముకుంటూ తలెత్తాడు. “మా ఇంట్లో కుక్కరు ఇంతకన్నా గట్టిగా కూస్తాది చౌడమ్మా. దానికే లేవను. మీ అత్త కేకేస్తే లేస్తా.”

ముగ్గురాయి తవ్వే ఆ సొరంగమంతా నవ్వింది. దుమ్ము కొట్టి మొహాలన్నీ ఎంత తెల్లగా ఉన్నాయంటే, నవ్వితే పళ్లే నల్లగా కనిపించాయి.

చౌడేశ్వరికి నవ్వు రాలేదు. డప్పు కొట్టే ఇంట్లో పుట్టి, తిరుపతిలో రాళ్ల చదువు చదివిన మనిషి ఆమె. వాళ్ల నాయన ఇదే కొండ కింద నలిగి చచ్చాడు. తవ్వి తీసినప్పుడు చెప్పులను బట్టి గుర్తుపట్టారు. అప్పటినుంచీ ఆమెకు ఒకటే పిచ్చి. కూలబోయే రాయి ముందుగా లోలోపల చిటచిటలాడుతుంది, మనిషి చెవికి అందనంత సన్నగా. ఆ సద్దును వినే బిళ్ల ఒకటి తయారుచేసింది. బంకపెట్టి గని కప్పుకు అతికిస్తే చాలు. ఊళ్లోవాళ్లు దానికి రాతిచెవి అని పేరు పెట్టారు.

“విని ఎవరికి చెప్తాది?” అని అడిగాడు దస్తగిరి.

“తీగ పట్టుకోని పైకి పోతాది మామా. టవరెక్కి, పట్నంలో ఉండే పెద్ద యంత్రం దగ్గరికి పోతాది. ఇంతకుముందు యాడ్యాడ కొండలు కూలినాయో వాటి అరుపులన్నీ ఆ యంత్రం దాచిపెట్టుకోనుండాది. పోల్చి చూసి, కూలేదే అయితే మీ టోపీల్లోకి సద్దు పంపిస్తాది. నువ్వు రెప్ప వాల్చి ఎత్తేలోపల.”

“అంత దూరం పోయొచ్చేదానికి దారిలో ఎవడూ ఆపడా? మన ఊరి బస్సును చెయ్యెత్తినోడల్లా ఆపినట్ల?”

“ఆపరు. అది అందరి దారి. మూటలో ఏముందని అడిగేవాడు ల్యా. రాజు మూటైనా కూలోడి మూటైనా ఒకటే వరస.”

“వరస బాగుండాది గానీ, నీ ఈలే బాగలేదు.”

అప్పుడు లేచాడు ఆమె తమ్ముడు ఓబులేసు. రాయి పేల్చే తూటాల ఖాళీ పెట్టె ఒకటి తిరగేసి, రెండు పుల్లలు తీసుకుని కొట్టాడు. పాడె ముందు నడిచే దెబ్బ అది. ఆ కొండ చుట్టుపక్కల పుట్టిన ఎవరికైనా కడుపులోంచి వినబడే దెబ్బ.

గని మొత్తం ఒక్క ఊపున లేచి నిలబడింది. ఎవరి కాలో తగిలి మజ్జిగ చెంబు దొర్లింది. దస్తగిరి చేతిలో ముద్ద నేలపాలైంది.

“ఆపరా నా బట్టా! బతికుండేవాళ్ల ముందర చావు డప్పు కొడతావా?”

“లేచినారు గదా మామా.” ఓబులేసు ఇకిలించాడు. “మా అక్క చదువుకు లేవలే, మా నాయన దెబ్బకు లేచినారు.”

చౌడేశ్వరి ఆ దెబ్బనే రికార్డు చేసుకుంది. కాంట్రాక్టరు కొనిచ్చిన టోపీలు మరీ చవకవి, వాటిలో సద్దు దాచుకునే చోటు లేదు. అందుకని డప్పును కూడా పట్నం యంత్రంలోనే పెట్టింది. ప్రమాదం వచ్చినప్పుడు అక్కణ్నుంచి టవరు గుండా టోపీల్లోకి దిగుతుంది.

దస్తగిరి ఒప్పుకున్నాడు కానీ, ఆమె చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకున్నాడు. “ఒట్టెయ్. కప్పు నిజంగా కూలేటప్పుడే ఇది మోగాల. ఊరికే వద్దు. ఆటకు వద్దు. బాగుండాదా లేదా అని చూసేదానికి కూడా వద్దు. పీనుగ లేకుండా ఆ దెబ్బ కొడితే పిలిచినట్టయితాది. చూసుకోవాలంటే నీ కుక్కరు ఈల ఉండాది గదా, దాంతో చూసుకో.”

కాలేజీలో ఉన్నప్పుడైతే ఆమె దీనిమీద ఉపన్యాసం ఇచ్చేది. ఇప్పుడు ఆ తెల్లటి తల వెచ్చగా అరచేతికి తగులుతోంది. ఒట్టేసింది.

ఆ వానలకు ఒకసారి డప్పు మోగింది. అందరూ పరిగెత్తారు. వాళ్లు కూచుని తిన్నచోట కప్పు కూలి, సద్దిగిన్నెలు రేకుల్లాగా అణిగిపోయాయి. మనుషులకు గీరు కూడా పడలేదు. ఓబులేసు పెండ్లాం గురమ్మ ఆ సాయంత్రమే వెళ్లి టవరు కాలికి కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది.

తర్వాత టవరు చేతులు మారింది.

కొన్నవాళ్ల పేరు ఝరి. ఆ మండలంలో ఉన్న టవర్లన్నీ కొనేశారు. వాళ్ల దగ్గర జల్లెడ అని ఒక యంత్రం ఉంది. టవరు గుండా పోయే ప్రతి మూటనూ విప్పి చూసి, ఇది మాట, ఇది పాట, ఇది పని, ఇది భక్తి అని వేరుచేస్తుంది. ఒక్కోదానికి ఒక్కో ప్యాకు. వేసుకున్నవాళ్ల మూటలు ఉరుకుతాయి. వేసుకోనివాళ్లవి గుమ్మం బయట నిలబడతాయి.

“మొన్న మీ తమ్ముడు ఫోన్లో నరసింహసామిని చూస్తాంటే సగం మొగమొచ్చి ఆగిపోయె,” అంది గురమ్మ, వదినకు అన్నం వడ్డిస్తూ. “భక్తి ప్యాకు అయిపోయిందంట. సింహం వచ్చింది గానీ సామి రాలే.”

ఓబులేసు పొలమారేదాకా నవ్వాడు. “నువ్వు తిట్టేదానికి ప్యాకు పెట్టలేదు, సంతోషపడు. మన ఇల్లు గుల్లయ్యేది.”

చౌడేశ్వరి నవ్వలేదు. మర్నాడే ఝరి ఆఫీసుకు వెళ్లింది. అక్కడి మేనేజరు విక్రాంత్ మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, టీ తెప్పించాడు.

“మూట విప్పి చూడకుండా ఏది ముందు పంపాలో ఎలా తెలుస్తుంది మేడమ్? ఇంతకాలం అంబులెన్సూ ఎడ్లబండీ ఒకే వరసలో పోయాయి. మేం అంబులెన్సుకు దారి ఇస్తున్నాం.”

“నా చెవులు?”

“ప్రాణాలకు సంబంధించినది. పనుల ప్యాకులో అందరికన్నా ముందు పెట్టాను. నమ్మకం లేకపోతే ఇప్పుడే పరీక్షించుకోండి.”

ఆమె పరీక్షించింది. బల్ల మీద ఒక ముగ్గురాయి ముక్కను బిగింపులో పెట్టి నలిపింది. రాతిచెవి విన్నది, సద్దు పట్నం పోయింది, తీర్పు వచ్చింది, టోపీలో ఈల మోగింది. నిజంగానే ముందుకన్నా వేగంగా మోగింది. డప్పు కూడా పెట్టి చూద్దామని వేలు మీట దాకా వెళ్లింది. దస్తగిరి తల గుర్తొచ్చింది. ఈల పోయిన దారిలో డప్పు పోదా, రెండూ సద్దులే కదా అనుకుని వేలు వెనక్కి తీసుకుంది.

విక్రాంత్ చెప్పింది అబద్ధం కాదు. తన జల్లెడ మీద అతనికి నిజంగానే నమ్మకం ఉంది.

గని మూతి దగ్గరి రేకుల షెడ్డే ఆమె ప్రయోగశాల. ఒక పొద్దున ఆమె అక్కడ ఉండగా తెర మీద రెండో మలుపు ఎర్రబడింది. రాయి చిటపటలాడుతోంది. పట్నం యంత్రం తీర్పు చెప్పేసింది, కూలుతుందని. హెచ్చరిక పంపాను అని కూడా చూపించింది. లోపలి టోపీలు ఆమె తెర మీద చుక్కలుగా కనిపిస్తాయి. అవి ఇప్పుడు ఉరకాలి. ఒక్క చుక్కా కదల్లేదు.

“లేవండి,” అంది తెరతో. “లేవండ్రా! లేవండి!”

కాళ్ల కింద నేల ఎగిరి పడింది. గని మూతి తెల్లటి దుమ్మును కక్కింది. ఆ దుమ్ములోంచి ఒకడు ఒక మోచేతి మీద పాక్కుంటూ వచ్చాడు. రెండో చేత్తో చీలిన పొట్టను పట్టుకుని ఉన్నాడు. గని మూతి దాటి రెండు గజాలు వచ్చి ఆగిపోయాడు.

రాయి ఏరే ఆడవాళ్లంతా తట్టలు పారేసి లోపలికి పరిగెత్తారు. అందరికన్నా ముందు గురమ్మ. దొరికినవాళ్లను దొరికినట్టు ఈడ్చుకొచ్చారు. దస్తగిరిని లాగినప్పుడు నడుము కింది భాగం రాలేదు. గురమ్మ చీరకొంగు చించి కప్పింది. తల మీద టోపీ మాత్రం చెక్కుచెదరలేదు. అందులోంచి తియ్యటి ఆడగొంతు మాట్లాడుతోంది.

“ఈ పాట మీ ప్యాకులో లేదు. పూర్తిగా వినాలంటే పాటల ప్యాకు వేసుకోండి. ఈ పాట మీ ప్యాకులో లేదు...”

గురమ్మ ఆ టోపీని రెండు చేతుల్లోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. “ఏం పాట వదినా? ఏ పాటని చెప్తాది ఇది?”

చౌడేశ్వరికి అర్థమైంది. జల్లెడ మూట విప్పింది. లోపల డప్పు కనిపించింది. డప్పంటే వాయిద్యం, వాయిద్యమంటే పాట, పాటంటే వినోదం. ఈల అయితే దాటిపోయేది.

“డప్పును పాటనుకున్నారు గురమ్మా,” అంది. “దారిలో ఆపేసినారు.”

చచ్చినవాళ్లు నలుగురు తేలారు. ఓబులేసు వాళ్లలో లేడు. లోపల ఇంకా ముగ్గురి మీద కొండ పడి ఉంది.

గురమ్మ ఏడవలేదు. గడ్డపార అందుకుని టవరు దిక్కుకు నడిచింది. సమ్మెటలు, పారలు, రాళ్లు పట్టుకుని ఊరు ఆమె వెనక నడిచింది. మొదటి పోటుకే ఝరి ఆఫీసు అద్దాల తలుపు కుప్పగా రాలింది. కాపలావాడు తుపాకి ఒకసారి గాల్లోకి కాల్చాడు. రెండోసారి గాల్లోకి కాల్చలేదు. సమ్మెటతో ముందున్న మనిషికి దవడ ఎగిరిపోయింది. తర్వాత ఆ కాపలావాడు ఎవరి దెబ్బకు చచ్చాడో చెప్పడం కష్టం. అందరి చేతులూ తడిగానే ఉన్నాయి. విక్రాంత్‌ను బల్ల కింది నుంచి కాళ్లు పట్టి ఈడ్చారు.

చౌడేశ్వరి షెడ్డులోనే ఉండిపోయింది. కూలినచోట కూడా కొన్ని చెవులు బతికే ఉన్నాయి. వాటిలో ఒకటి అదేపనిగా చిన్న సద్దును పంపుతోంది. టక్. టక్. రాయి చిటపట కాదది. ఎవరో రాతిమీద రాతితో కొడుతున్నారు, ఓబులేసు పెట్టె మీద కొట్టిన ఆ దెబ్బే.

ఆ సద్దు ఏ బండ వెనక నుంచి వస్తోందో తేల్చాలంటే అన్ని చెవులు విన్నదీ పట్నం పోవాలి. ఆమె పంపింది. పోలేదు. చీమ నడిచినట్టు నడుస్తోంది. బయటికి తొంగి చూస్తే టీవీ బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. చచ్చినవాళ్లను లోకానికి చూపించడానికి వాళ్లు వేగం దారిని కొనుక్కున్నారు. టవరంతా వాళ్లదే. ఈ లెక్కన ఓబులేసు ఎక్కడున్నాడో తెలిసేసరికి పొద్దు గూకుతుంది. లోపల గాలి అంతసేపు రాదు.

ఆమె ఆఫీసు వైపు పరిగెత్తింది. అప్పటికే నలుగురు మగవాళ్లు తూటాల పెట్టెను మోసుకొచ్చి టవరు కాళ్లకు కడుతున్నారు. చౌడేశ్వరి వెళ్లి టవరు కాలిని కౌగిలించుకుంది.

“అడ్డం లెయ్ వదినా,” అంది గురమ్మ.

“లెయ్యను.”

గురమ్మ గడ్డపార తిరగేసి కొట్టింది. చౌడేశ్వరి భుజం ఎముక పుటుక్కున విరిగిన సద్దు పక్కవాళ్లకు కూడా వినబడింది. అయినా రెండో చేత్తో పట్టు వదల్లేదు.

“నీ మొగుడు కొడతాండాడు మే! లోపలినుంచి రాయి మీద కొడతాండాడు. నేను విన్నా. ఈ టవరు పడిపోతే వాడు యాడుండాడో చెప్పే దిక్కు ల్యా!”

గురమ్మ చేతిలో గడ్డపార గాల్లో ఆగింది. “బతికుండాడా?”

“ఇప్పుడుండాడు. ఇంకాసేపటికి నాకు తెల్దు.”

గురమ్మ గడ్డపార కింద పెట్టింది. తూటాల పెట్టె మీద బాసింపట్టు వేసుకుని కూచుంది. “అగ్గిపుల్ల గీసేవాడు ముందు నన్ను పేల్చి తర్వాత టవర్ని పేల్చండ్రా,” అంది.

చౌడేశ్వరి గుంపులోకి దూరింది. విక్రాంత్ మొహం మొహంలాగా లేదు. “వీణ్ని నాకు వదలండి,” అని అతని కాలరు పట్టి లోపలి యంత్రాల గదిలోకి ఈడ్చుకుపోయింది. ఆమె చేతుల్లో చావనిద్దాం, హక్కు ఆమెదే అనుకుని గుంపు దారిచ్చింది. ఆమె గడియ వేసింది.

“దారి తెరిపించు.”

విక్రాంత్ నోట్లోంచి రెండు పళ్లు ఉమ్మి, ఫోన్ చేశాడు. అవతల ఎవరో పెద్దమనిషి. గొంతులో తొందర లేదు. చౌడేశ్వరికి కూడా వినిపించేలా పెట్టమన్నాడు.

“వేగం దారి మొత్తం మీకే ఇస్తామమ్మా. టీవీవాళ్లను పక్కకు జరుపుతాం. ఒక్క మాట మీ నోటితో చెప్పండి చాలు. లోపం మీ పరికరంలో ఉందనీ, దారిలో లేదనీ.”

“నలుగురు చచ్చినారు.”

“ఐదోవాణ్ని కాపాడుకోండి.”

గడియ వేసిన తలుపు మీద దెబ్బలు పడుతున్నాయి. ఆమె కళ్ల ముందు ఓబులేసు కనిపించాడు, చీకట్లో రాయి పట్టుకుని. నింద నా నెత్తిన పడేదే కదా, మోస్తాను అనుకుంది.

“కప్పు కూలినప్పుడు మోగకపోయింది నా రాతిచెవి లోపం వల్ల,” అంది. “ఝరి దారిలో తప్పు లేదు.”

ఆ గదిలోని తెర మీద చెవులు విన్నదంతా ఒక్క ఊపున పట్నం పోయి, ఏ బండ వెనకో తేల్చుకొచ్చింది. కానీ దానికంటే ముందు ఆమె మాట పోయింది. ఆ జిల్లాలో ప్రతి ఫోనులో, ప్రతి టోపీలో, టీవీ బండ్ల తెరల మీద, తలుపు బయట నిలబడ్డవాళ్ల జేబుల్లో ఆమె గొంతే. తలుపు మీది దెబ్బలు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ మొదలైనప్పుడు తలుపు నిలవలేదు.

విక్రాంత్‌ను పక్కకు తోసేసి ఆమెను పట్టుకున్నారు. జుట్టు పట్టి మెట్ల మీద ఈడ్చారు. విరిగిన భుజం మీద ఎవరో కాలేసి తొక్కారు. రాయి ఒకటి కనుబొమ్మ చీల్చింది. “మా మామను చంపినావు గదే ముండా,” అని అరుస్తున్నది దస్తగిరి కోడలని గొంతును బట్టి గుర్తుపట్టింది. నోట్లో నెత్తురు నిండుతుంటే ఉమ్మి, మళ్లీ మళ్లీ ఒకటే అరిచింది.

“రెండో మలుపు దాటినాక ఎడమ గోడ! నేల మట్టానికి! పైనుంచి తవ్వద్దండి, పక్కనుంచి! ఎడమ గోడ!”

గురమ్మ ఆ అరుపు విన్నది. వదిన మొహం వైపు చూడలేదు. తూటాల పెట్టె మీద నుంచి దిగి, గడ్డపార తీసుకుని గనిలోకి పరిగెత్తింది.

ఓబులేసు బతికాడు. పక్కనున్న ఇద్దరూ బతికారు. ఓబులేసు ఎడమ కాలు మాత్రం బండ కిందే వదిలేయాల్సి వచ్చింది.

కడప ఆస్పత్రిలో వార్డుకు ఆ చివర తమ్ముడు, ఈ చివర అక్క. లేచి నడవగలిగిన రోజు చౌడేశ్వరి అతని మంచం దగ్గరికి వెళ్లింది. గురమ్మ అతనికి గంజి తాగిస్తోంది. ఆడబిడ్డను చూసి మొహం తిప్పుకోలేదు కానీ, కూచోమనీ అనలేదు.

“గురమ్మ చెప్పింది,” అన్నాడు ఓబులేసు. “టోపీలో ఆడది ఏం మాట్లాడిందో. అంతా చెప్పింది.”

“నువ్వు లోపల కొడతాండావురా. నాకు వినిపిస్తాండాది. నేనేం చేసేది?”

“నిందను నువ్వు మోసుకో అక్కా, నీ ఇష్టం. దస్తగిరి మామ ఎట్ల చచ్చినాడో మార్చి చెప్పేదానికి నువ్వెవరు? ఆ చావు నీదా?” అతని గొంతు పైకి లేవలేదు. “నలుగురి చావునూ ఝరివాళ్లకిచ్చేసి నన్ను తెచ్చుకున్నావు. అవునా, కాదా?”

“అవును.”

ఓబులేసు ఫోను తెర ఆమె వైపు తిప్పాడు. చుట్టుపక్కల గనులన్నిట్లో రాతిచెవులను గోడల మీద నుంచి గీకి పారేస్తున్నారు. ప్రమాదకరమైన పరికరాలంట, ప్రభుత్వం ఆజ్ఞ. చెవులు పీకేసిన కప్పుల కింద మనుషులు మామూలుగా పనిలోకి దిగుతున్నారు. ఝరివాళ్లు ప్రాణాల ప్యాకు అని కొత్తది తెస్తున్నారంట, త్వరలో.

ఆమె మాట తిప్పి చెప్పాలని చూసింది. టీవీవాళ్లు ఆ కథ అయిపోయిందన్నారు. ఆమె రికార్డు చేసి పెట్టినదాన్ని జల్లెడ విప్పి చూసి, వివాదం అని పేరు పెట్టి గుమ్మం బయట నిలబెట్టింది. అబద్ధం ఒక్క ఊపున జిల్లా దాటింది. నిజం ఇంక కాళ్ల మీదే పోవాలి.

చెయ్యి మెడకు వేలాడగట్టుకుని ఆమె ఊరికి వెళ్లింది. మొదటి ఇంట్లో కుక్కను వదిలారు. రెండో ఇంట్లో పేడనీళ్లు మొహాన కొట్టారు. అయినా చెప్పింది. ఊళ్లో ఉన్నంతసేపూ గురమ్మ ఆమెకు పదడుగుల వెనక నడిచింది, పక్కన కాదు, చేతిలో గడ్డపారతో.

దస్తగిరి ఇంటి తలుపు ఆయన భార్య మస్తానమ్మ తీసింది. చౌడేశ్వరి గడప బయటే నిలబడి చెప్పింది. డప్పు సంగతి, ఒట్టు సంగతి, తను పరీక్షించని సంగతి, జల్లెడ సంగతి, గడియ వేసిన గదిలో తను అన్న మాట సంగతి. మస్తానమ్మ మొహం ఎక్కడా మారలేదు. లోపలినుంచి మగవాళ్ల గొంతులు, వాళ్లలో ఒకడు “ఎవరు వొదినా?” అని లేస్తున్న చప్పుడు.

“నా మరుదులు నలుగురు, నా కొడుకు,” అంది మస్తానమ్మ. “నువ్వు కనిపిస్తే నరుకుతామని వారంగా కత్తులు నూరుకుంటాండారు.”

చౌడేశ్వరి తలూపింది.

“నాకు చెప్పినట్టే, ఒక్క ముక్క పోకుండా వాళ్లకు చెప్పగలవా?”

“చెప్తా అత్తా.”

మస్తానమ్మ తలుపు రెండో రెక్క కూడా తెరిచింది.

“అయితే లోపలికి రా. గట్టిగా చెప్పు. మావాళ్లు అరుస్తారు, నువ్వు చెప్పేది ఆపొద్దు.”